నాలుగు దిక్కుల సౌండు, నడుమ నా నోరు

మొన్న ఐతారం హసన్‌పర్తిల నా నోరే నా ఇజ్జత్ తీసింది. అది గూడ నేను నోరు మూసుకొని మూలకు కూసున్నప్పుడు! నవ్వకుండ్లి వదినా, నిజమే చెప్తాన్న. ఇయ్యాల నిమ్మళంగ కూసొని మీకు చాయ్ పోస్తాన్ననంటే, అది ఒక పెద్దామె పుణ్యం. లేకపోతే మా స్టుడియోకు తాళం, నేను మా తల్లిగారింటికి!

మీకెరుకే గదా, పెండ్లిళ్ళకు పోయి వీడియో తీసేది మా ఆయన రాజన్న, దాన్ని కాసెట్టు చేసేది నేను. ముందటి అర్రల రెండు వీసీఆర్లు పెట్టుకున్నం. ఒకదాంట్ల పెండ్లి నడుస్తాంటది, ఇంకోదాంట్ల నాకు కావాల్సిన ముక్క ఎక్కుతాంటది. ఇటు ప్లే ఒత్తుడు, అటు రికార్డు ఒత్తుడు, మళ్ళ పాజ్ ఒత్తుడు. పెండ్లి ఒక్కపూటనే అయితది గని నాకు వారం రోజులు పడుతది. బొమ్మలన్నీ అతికినంక, దాని మీద పాటల సౌండు వేరేగ ఎక్కియ్యాలె.

హసన్‌పర్తి సాంబయ్య సేటుకు బట్టల దుకాణం ఉన్నది. ఆయన బిడ్డ పద్మ పెండ్లి జమ్మికుంట పిలగాని తోటి అయింది. పెండ్లి అయినంక సేటు ఏదో సరుకు పని మీద హైదరాబాద్ పోయిండు. అక్కడ పెద్ద టాకీసుల సినిమా చూసిండట. అంతే, బస్సు దిగి ఇంటికి గూడ పోలే, సీదా హన్మకొండల మా స్టుడియోకే వచ్చిండు.

"రాజన్నా! తెర మీద గుర్రాలు ఉరుకుతాంటే డెక్కల సప్పుడు నా వీపెనక నుంచి వస్తాందయ్యా! నేను భయపడి వెనక్కి తిరిగి చూసిన. నా బిడ్డ పెండ్లి కాసెట్టు గూడ గట్లనే రావాలె. సన్నాయి ముందట మోగాలె, పాటలు వెనక నుంచి రావాలె."

అది టాకీసు సేటూ, ఇది టీవీ అని చెప్పాల్నా వద్దా? మా ఆయనకు కాదనుడు చేతగాదు. "అదెంత పని సేటూ" అన్నడు!

అనుడైతే అన్నడు గని రెండు రోజులు తలకాయ పట్టుకొని కూసున్నడు. మూడో రోజు ఉపాయం దొరికింది. మా కొత్త వీసీఆర్ల సౌండుకు రెండు దార్లుంటయి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఎడమ దారిల పెండ్లినాటి అసలు సౌండు పెట్టాలె, అంటే సన్నాయి, మంత్రాలు, జనం సప్పుడు. కుడి దారిల టేప్‌రికార్డర్ నుంచి పాటలు ఎక్కియ్యాలె. సేటు ఇంట్ల నాలుగు స్పీకర్ డబ్బాలు పెట్టి, ముందటి రెండింటికి ఎడమ సౌండు, వెనక రెండింటికి కుడి సౌండు ఇయ్యాలె. అయిపాయె! జనం నడుమల కూసుంటరు, సుట్టూ సౌండు వస్తది.

"సుగుణా, నేను ఏటూరునాగారం పెండ్లికి పోతాన్న. వచ్చేటాలకు పాటలు ఎక్కిచ్చి పెట్టు" అని, తీగలన్నీ కలిపిచ్చి బస్సెక్కిండు.

మొదట్ల "పద్మ, రమేశ్‌ల పెండ్లి" అని పేర్లు చదవాలె గద, అందుకు మైకు పెట్టిన. చదివిన. మంచిగనే చదివిన. చదివినంక, సౌండ్లు కలిపే మిక్సర్ మీద మైకు గుండీని కిందికి తిప్పాలె.

తిప్పలే.

గదే వదినా, గదొక్కటే తప్పు! మైకు బల్ల మీదనే ఉన్నది, చెవులు రిక్కిచ్చుకొని. మా టీవీకేమో ఎడమ దిక్కు తీగ ఒక్కటే పోతది. నాకు సన్నాయి ఖుల్లాగ వినబడుతాంది. కుడి దారిల పాటతోని పాటు ఏమేం ఎక్కుతాందో నాకేమెరుక? మిక్సర్ మీద సౌండు చూపే ముల్లు ఎగురుతానే ఉన్నది. పాటకు ఎగురుతాందనుకున్న. నేను నోరు తెరిచినప్పుడల్లా ఇంకింత ఎగిరినట్టున్నది, అది చూసే తెలివే ఉంటే ఇంకేంది!

సౌండు ఎక్కియ్యాలంటే కాసెట్టు అయ్యేదాక కూసోవాలె. పూరా మూడు గంటలు. పొద్దుపోవద్దా? మా అత్తమ్మ చిక్కుడుకాయలు పట్టుకొచ్చుకొని పక్కకు కూసున్నది. ఇద్దరం కాయలు ఒలుసుకుంట పెండ్లి చూసినం. చూసుకుంట ఊకె కూసుంటమా? అత్తాకోడళ్ళం ఒక దగ్గర కూసుంటే ముచ్చట్లకు తక్కువా!

మా ఆయన వచ్చినంక చూస్తడనుకున్న. ఆయనేమో ఐతారం పొద్దుగాల బస్సు దిగిండు, మొఖం కడుక్కున్నడు, "అన్నీ మంచిగ ఎక్కినయా?" అని అడిగిండు. "మంచిగ ఎక్కినయి" అన్న. నిజంగనే మంచిగ ఎక్కినయి! కాసెట్టు నా చేతుల పెట్టి, స్పీకర్ డబ్బాలు ఆటోల పంపి, స్కూటర్ స్టార్ట్ చేసిండు.

భీమారం దాటుతాంటే అప్పుడు చెప్తాండు.

"జర మంచిగ నడవాలె సుగుణా ఇయ్యాల. జమ్మికుంట నుంచి వియ్యాలవారంత వస్తాండ్లు. పిలగాని మేనత్త రాజేశ్వరమ్మ గూడ వస్తాంది. పెండ్లినాటి నుంచి ఆమె పద్మతోటి సరిగ మాట్లాడుత లేదట. ఏం తక్కువైందో చెప్పదట. పిల్ల ఏడుస్తాంది, సేటు పరేషాన్ల ఉన్నడు. ఈ కాసెట్టు చూసైన ఆమె మనసు కరుగుతదేమోనని ఆశ."

"గిది ముందుగాల చెప్పొద్దా!" అన్న.

"చెప్తే ఏం జేస్తుంటివి?" అన్నడు.

నిజమే, ఏం జేస్తుంటి? అప్పటికి నాకేం యాదికి లేదు. హాయిగ గాలి తాక్కుంట పోయిన.

సేటు ఇంటి హాలుల జంపఖానాలు పరిచిండ్లు. ఒక నలభై మందున్నరు. కొత్త కలర్ టీవీ, కొత్త వీసీఆరు. పిల్లలు చేతులు పెడుతరని సేటు టేకు కట్టెతోని అద్దాల పెట్టె చేపిచ్చి, వీసీఆర్‌ను అండ్ల పెట్టిండు. మా ఆయన కాసెట్టు వెయ్యంగనే సేటు ఆ పెట్టెకు తాళమేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు. ఈ తాళం ముచ్చట గుర్తుంచుకోండ్లి, జర ఆగితే "స్టాప్ ఒత్తితే అయిపోతుండె గదనే" అని మీరే అడుగుతరు.

మా ఆయన డబ్బాలు నాలుగు మూలలకు పెట్టిండు. రాజేశ్వరమ్మను నేను అప్పుడే మొదటిసారి ఎదురుంగ చూసిన. తెల్లచీర, బక్కపలచని మనిషి. వెనక గోడకు ఆనుకొని, డబ్బా పక్కనే కూసున్నది. పద్మ మంచినీళ్ళ గిలాస పట్టుకపోతే "అక్కడ పెట్టు" అన్నది, మొఖం చూడలే. పిల్ల కండ్లు నీళ్ళతోని నిండినయి. పిలగాడు రమేశ్ నేల చూపులు చూసుకుంట కూసున్నడు.

ఆట మొదలైంది. ముందట డబ్బాలల్ల సన్నాయి, వెనక డబ్బాలల్ల వీణ. అబ్బ! జనమంత అటొకసారి ఇటొకసారి తిరిగి చూస్తాండ్లు. సేటు మొఖం వెలిగిపోతాంది. "చెప్పలేదా? హైదరాబాదుకు ఏం తక్కువ!" అంటాండు. మా ఆయన నా దిక్కు చూసి కాలర్ సర్దుకున్నడు.

సరిగ్గ పుస్తె కట్టే ఘడియ. తెర మీద అందరు అక్షింతలు పట్టుకొని లేచిండ్లు. సన్నాయి జోరందుకున్నది. అప్పుడు వెనక మూలకెల్లి...

కుయ్‌య్‌య్‌య్!

సేటు భార్య ఉలిక్కిపడి, "ఎవలే, కుక్కర్ బంద్ చెయ్యుండ్లే" అని వంటింట్లకు ఒర్లింది. లోపటికెల్లి ఎవరో "కుక్కర్ పెట్టనే లేదమ్మా!" అన్నరు.

మళ్ళ కుయ్‌య్! పుస్తెకు రెండో ముడి పడ్డది. మళ్ళ కుయ్‌య్! మూడో ముడి.

అటెంక ఒక గొంతు. మస్తు సాఫ్ గొంతు. "అత్తమ్మా, మూడైనయి, దించు. లేకపోతే పప్పు అడుగంటుతది."

నలభై మంది ఒక్కపారే వెనక్కి తిరిగిండ్లు. వెనక రాజేశ్వరమ్మ తప్ప ఎవ్వరు లేరు. ఆమెనేమో డబ్బా దిక్కు చూస్తాంది.

వదినా, ఆ గొంతు నాదే! మా ఆయన నా దిక్కు చూసిండు. నేను పైన తిరుగుతాన్న ఫ్యాన్ దిక్కు చూసిన.

తెర మీద సేటు వచ్చిండు, చుట్టాలకు దండం పెట్టుకుంట. వెనక నుంచి నేను: "గీ సేటును చూడు అత్తమ్మా! కెమెరా తన దిక్కు తిరిగితే చాలు, పొట్ట లోపలికి గుంజుతాండు. చూడు చూడు, ఇప్పుడు గుంజిండు! ఆ, కెమెరా పోయింది, ఇడిసిండు!"

తెర మీద సరిగ్గ గట్లనే అయితాంది. నేను చెప్పుడు, ఆయన గుంజుడు. నేను చెప్పుడు, ఆయన ఇడుసుడు. ముందుగాల ఒక ఆడామె కిసుక్కుమన్నది. ఇగ చూడు, హాలంత ఒక్కటే నవ్వు. ఇక్కడ కూసున్న సేటు గూడ తెల్వకుండనే పొట్ట లోపలికి గుంజిండు, అది చూసి జనం ఇంకింత నవ్విండ్లు.

పోనీ తీ, నవ్వితే నవ్వనీ అనుకున్న. అప్పుడు యాదికొచ్చింది నాకు. పిడుగు పడ్డట్టు యాదికొచ్చింది! మండపం బొమ్మలల్ల, స్తంభం వెనక నిలబడ్డ ఒక తెల్లచీర ఆమెను నేనేదో అన్న. ఏమన్న? మాడిన రొట్టె అన్న! ఇంకేమన్ననో యాదికి లేదు గని రొట్టె మాత్రం పక్కా యాదికున్నది. ఆ తెల్లచీర ఈ తెల్లచీర ఒక్కటేనని అప్పుడు సమజైంది.

లేచి ఉరికిన. వీసీఆర్ ముందటికి పోతే అద్దం, దానికి తాళం. "సేటూ, చెవి!" అన్న. సేటు మొలతాడు గుంజుకుంటాండు, ముడి వస్తలేదు. నేను ఆగుతనా? పెట్టె వెనక చెయ్యి పెట్టి, దొరికిన తీగను దొరికినట్టు పీకిన.

ముందటి డబ్బాలు బంద్ అయినయి. సన్నాయి పోయింది, మంత్రాలు పోయినయి. పీకింది ఎడమ తీగ! ఇంకేమున్నది, అడ్డం వచ్చే సప్పుడే లేదాయె. ఇల్లంత నా గొంతొక్కటే, సన్నటి వీణ మీద.

"గీమె ఎవరత్తమ్మా, ప్రతి బొమ్మల స్తంభం వెనక నిలబడ్డది? మొఖం చూడు, మాడిన రొట్టె లెక్క!"

నవ్వు ఆగిపోయింది. సేటు చెయ్యి మొలతాడు మీదనే ఆగింది. పద్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నేను చేతుల తీగ పట్టుకొని, టీవీ పక్కన, అందరికీ కనబడేటట్టు నిలబడ్డ. భూమి పగిలితే బాగుండనుకున్న. రెండో తీగకు చెయ్యి చాపిన.

"ఆగు బిడ్డా." రాజేశ్వరమ్మ గొంతు. "ముట్టకు. మొత్తం రానీ."

చెయ్యి ఎనక్కి తీసుకున్న. డబ్బాలకెల్లి మా అత్తమ్మ మాట్లాడుతాంది: "ఆమె పిలగాని మేనత్తనే. తల్లి పోయినంక ఆ పిలగాన్ని ఈమెనే పెంచిందని సేటు భార్య చెప్పింది."

మళ్ళ నేను: "అయ్యో! గట్లనా! మరి పొద్దటి నుంచి చూస్తాన్న, పిలగాని కండువా జారితే ముందటికొచ్చి సర్దింది ఈమెనే. చెమట పడితే ఇసిరింది ఈమెనే. ఒక్కలన్న ముందటికి పిలిచి నాలుగు అక్షింతలు వేపిచ్చిండ్లా? ఒక్క ఫోటోల నిలబెట్టిండ్లా? మొగడు లేకపోతే పెంచిన చెయ్యి పెంచిన చెయ్యి కాకపోతదా? మా ఆయన గూడ గుడ్డోడే. పూలమాలలు తీసిండు, లడ్డూలు తీసిండు, ఈమెను మాత్రం దగ్గరికెల్లి ఒక్కపారన్న తియ్యలే. ఆమె జాగల నేనుంటే నా మొఖం మాడిన రొట్టె గాదు, బొగ్గయితుండె!"

అటెంక చిక్కుడుకాయ టక్కున ఒలిచిన సప్పుడు. వీణ.

రాజేశ్వరమ్మ కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు కదులుతాన్నయి. ఏడిపిచ్చిన గదా పెద్దామెను అని నా పానం ఉసూరుమన్నది. కొంగు తీసినంక చూస్తే కండ్లల్ల నీళ్ళున్నయి గని, నవ్వుతాంది!

"ఎవరమ్మా ఆ మాటలన్నది?"

"నేనేనమ్మా. తప్పయింది. మైకు బంద్ చెయ్యుడు మరిచిపోయిన."

"మాడిన రొట్టె అన్నవు, మంచిది. జొన్నరొట్టెనా, గోధుమరొట్టెనా?"

నాకు బుద్ధి ఉండాలె గదా? ఊకోవాలె గదా? "జొన్నరొట్టె" అన్న!

ఆమె పకపక నవ్వింది. "నిజమే బిడ్డా. తెల్లారకముందు లేచి, ఏం తినకుండ, స్తంభానికి ఆనుకొని నిలబడితే ఇంకెట్లుంటది మొఖం? నా అంతట నేనే ఎనకకు నిలబడ్డ. ఎవలన్న రమ్మంటరేమోనని చూసిన. ఎవలు అనలే. నోరు తెరిచి అడుగుతే మంచిగుంటదా? లోపలనే పెట్టుకున్న."

రమేశ్ లేచి పోయి ఆమె ముందట కూసున్నడు. "నువ్వే రావేమోననుకున్ననే అత్తమ్మా. నేనన్న పిలువాల్సుండె" అన్నడు. సేటు చేతులు కట్టుకొని, "మా తప్పే అక్కా. పనుల హడావుడిల కండ్లు కనబడలే" అన్నడు. అందరికంటె ముందు పని చేసింది మాత్రం పద్మనే. వంటింట్లకు ఉరికి పళ్ళెంల అక్షింతలు కలుపుకొని వచ్చింది, కుర్చీ తెచ్చి హాలు నడుమ ఏసింది, "కూసో అత్తమ్మా, ఆనాడు వెయ్యలేదు గదా, ఇయ్యాల వెయ్యి" అన్నది.

ఆమె వద్దు వద్దంటనే ఉన్నది. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకొని కూసోబెట్టి, కాళ్ళకు మొక్కిండ్లు. ఆమె అక్షింతలు వేసి పద్మ తలను ఒళ్ళెకు తీసుకున్నది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు చూస్తే నాకు గూడ దుఃఖమొచ్చింది.

"గుడ్డోడా, ఇప్పుడన్న తియ్యి!" అన్న మా ఆయనను. నలభై మంది ముందట! ఆయన సంచిలకెల్లి కెమెరా తీసి, దగ్గరికి పోయి, ఒకటి గాదు ఆరు ఫోటోలు కొట్టిండు.

మేము బయలెల్లేటప్పుడు సేటు నన్ను పక్కకు పిలిచిండు. "సుగుణమ్మా, నా ఇంటిని నిలబెట్టినవు. ఆ పొట్ట ముచ్చట ఒక్కటి మాత్రం తుడిచెయ్యి తల్లీ, జమ్మికుంటల గూడ చెప్పుకుంటరు" అన్నడు. హన్మకొండల ఇంటి ముందట స్కూటర్ దిగినంక మా ఆయన మెల్లగ అడిగిండు: "నిజంగనే గుడ్డోన్నా?" "జర" అన్న.

తెల్లారంగనే కూసున్న. మైకు గుండీ కిందికి తిప్పిన, మైకు తీగ పీకిన, మైకును బీరువాల పెట్టి తాళమేసిన. కుక్కరు, పొట్ట, రొట్టె, అన్నీ తుడిచేసి మూడు గంటలు పాటలే ఎక్కిచ్చిన. నా పక్కకు కూసొని అత్తమ్మ గూడ సైగలతోనే మాట్లాడింది.

హమ్మయ్య, గండం గడిచింది అనుకున్న. నిన్న జమ్మికుంట నుంచి రమేశ్ వచ్చిండు. "అక్కా, మా మేనత్తకు ఒక కాపీ కావాల్నట. నీ మాటలున్నదే కావాల్నట. పాటలది వద్దన్నది" అన్నడు.

అది ఇగ ఎక్కడున్నది? తుడిచేస్తిమి గదా! ఆ పెద్దామె అడిగితే లేదంటమా? మా ఆయన బీరువాకెల్లి మైకు తీసి నా ముందట పెట్టిండు. బొమ్మ నడిపిచ్చిండు. "ఊ, ఆనాటి లెక్కనే మాట్లాడు. ఏం ఫికర్ పడకు" అన్నడు. స్తంభం బొమ్మ వచ్చింది. నోరు తెరిచిన. గాలి తప్ప ఏం రాలే. మళ్ళ వెనక్కి తిప్పిండు. దగ్గు వచ్చింది. మళ్ళ తిప్పిండు. అత్తమ్మ చిక్కుడుకాయలు గూడ తెచ్చి ముందట పోసింది, ఆనాటి లెక్క ఉండాలెనని. పావుసేరు కాయలు ఒలిచిన, మాట మాత్రం పెగల్లే.

ఏడోసారికి, దేవునికి దండం పెట్టుకొని, కండ్లు మూసుకొని, మైకుల చెప్పిన: "వీరు వరుని మేనత్తగారు. వీరి వదనము మాడిన రొట్టెను పోలియున్నది."

మా ఆయన నేల మీద పడి నవ్విండు. అత్తమ్మ చిక్కుడుకాయల గిన్నె పట్టుకొని ఇగ నీతోని కాదని వంటింట్లకు పోయింది. గదే కాసెట్టు పొద్దుగాల జమ్మికుంటకు పంపినం వదినా. మూడు గంటలు ఆపకుండ వాగిన మనిషినా నేను? మాట్లాడమ్మా అని బతిమాలితే, రేడియోల వార్తలు చదివిన!